ఇన్సర్ట్ స్టేట్‌మెంట్‌ను చదవవలసింది డేటాబేసే

డేటాబేస్‌లతో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. ఎవరో ఒక ఎస్‌క్యూఎల్ ఫైల్, అంటే డేటాబేస్ భాషలో రాసిన ఫైల్, పంపుతారు. తెరిచి చూస్తే నిండా ఇన్సర్ట్ స్టేట్‌మెంట్లే, అంటే టేబుల్‌లో వరుసలు చేర్చమనే ఆదేశాలే ఉంటాయి. ఆ వివరాలు చూడవలసినవారు లెక్కలు సరిచూసే ఆడిటరో, నివేదిక తయారుచేసే ఉద్యోగో అయి ఉంటారు. వారికి కావలసింది వడపోసి, వరుసలో పెట్టి, కూడి చూసుకోవడానికి వీలుండే ఒక షీటు. ‘కాస్త ఎక్సెల్‌లోకి మార్చి ఇవ్వండి’ అన్న మాట వినడానికి ఐదు నిమిషాల పనిలాగే ఉంటుంది. దానికి చాలామంది చెప్పే ఉపాయం కూడా ఒకటే: టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైల్ తెరిచి, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ‘ఇన్సర్ట్ ఇంటూ’ భాగాన్ని తీసేసి, బ్రాకెట్లు చెరిపేసి, సింగిల్ కోట్లను డబుల్ కోట్లుగా మార్చి, ఫైలుకు సీఎస్‌వీ (కామాలతో విలువలను విడదీసే టెక్స్ట్ ఫైల్) అని పేరు పెట్టి సేవ్ చేయడం.

ఆ ఉపాయాన్ని పూర్తిగా మానుకోవాలని నా వాదన. అది అసలు పనిచేయకపోతే చిక్కే లేదు, వెంటనే తెలిసిపోతుంది కాబట్టి ఇంకో దారి వెతుక్కుంటాం. చాలా వరుసలకు చక్కగా పనిచేసి, ఎక్కడో మధ్యలో ఒక వరుసలోని విలువలను ఒక గడి పక్కకు జరిపేయడమే దానితో వచ్చే ప్రమాదం. షీటు నిండుగా కనబడుతున్నంతసేపు దాన్ని ఎవరూ అనుమానించరు. ఇన్సర్ట్ స్టేట్‌మెంట్ చూపులకు డేటాలా ఉంటుంది కానీ అది డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం, ఒక చిన్న ప్రోగ్రాము. ఏ డేటాబేస్ కోసం రాశారో ఆ డేటాబేస్ నియమాల ప్రకారమే దానికి అర్థం ఉంటుంది. కనుక దాన్ని చదివే పనిని ఆ డేటాబేస్‌కే అప్పగించి, మన శ్రమ అంతా విలువలు స్ప్రెడ్‌షీట్‌లోకి చెక్కుచెదరకుండా చేరేలా చూడడం మీద పెట్టాలి.

ఒక్క వరుసను దగ్గరగా చూద్దాం. అసలు ఫైల్‌లో ఇది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను:

ఇన్సర్ట్ ఇంటూ కస్టమర్లు వాల్యూస్ (41, 'సుజాత, ఎం.', '0098', నల్, '', 'ఆమె \'రేపు రండి\' అన్నది; (మళ్ళీ ఫోన్ చేయాలి)', '3-4');

ఇందులో ఉన్న విలువలు ఏడు (నల్ అంటే విలువ తెలియదన్న గుర్తు). కామాల దగ్గర విడగొడితే వచ్చే ముక్కలు ఎనిమిది, ఎందుకంటే పేరులో కూడా ఒక కామా ఉంది. బ్రాకెట్లు చెరిపేస్తే వ్యాఖ్యలోని బ్రాకెట్లు కూడా పోతాయి. సెమీకోలన్ దగ్గర స్టేట్‌మెంట్ ముగిసిందనుకుంటే వాక్యం మధ్యలో తెగుతుంది. సింగిల్ కోట్లన్నిటినీ డబుల్ కోట్లుగా మారిస్తే, ‘రేపు రండి’ చుట్టూ ఉన్నవి కూడా మారిపోయి, బ్యాక్‌స్లాష్ అంటే ఏమిటో తెలియని ఎక్సెల్ ఆ గడి అక్కడితో అయిపోయిందని అనుకుంటుంది. మరీ కంటికి ఆననిది ఇంకొకటి ఉంది: ప్రతి కామా తరవాత ఒక ఖాళీ ఉంది. సీఎస్‌వీలో కామా వెనువెంటనే కోట్ వస్తేనే అది గడిని చుట్టే కోట్ అవుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే ఎక్సెల్ ఆ కోట్‌ను మామూలు అక్షరంగా చదివి, పేరులోని కామా దగ్గర గడిని రెండుగా చీలుస్తుంది. అదే వరుస సరైన సీఎస్‌వీలో ఇలా ఉండాలి:

41,"సుజాత, ఎం.",0098,,,"ఆమె 'రేపు రండి' అన్నది; (మళ్ళీ ఫోన్ చేయాలి)",3-4

ఈ రెండో రూపం కూడా స్ప్రెడ్‌షీట్‌లో క్షేమంగా తెరుచుకోదు. ఆ సంగతి తరవాత.

రీప్లేస్ చాలకపోతే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్‌లో నమూనాలను వెతికే సూత్రం) రాస్తామనేవారు ఉంటారు. ఒక ఫైల్‌కు సరిపోయే ఎక్స్‌ప్రెషన్ రాయడం సాధ్యమే, కానీ అది ఆ ఫైల్‌కే సరిపోతుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటిదీ ఒక్కో తీరు. మైఎస్‌క్యూఎల్ తన అలవాటు ప్రకారం కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి కూడా రాయనిస్తుంది, కోట్‌ను రెండుసార్లు కూడా రాయనిస్తుంది. ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఒప్పుకునేది రెండో పద్ధతినే. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ మామూలు కోట్లలోని బ్యాక్‌స్లాష్‌ను కేవలం ఒక అక్షరంగానే చూస్తుంది. దానికి ప్రత్యేక అర్థం కావాలంటే కోట్ ముందు ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ తయారుచేసే స్క్రిప్టుల్లో యూనికోడ్ టెక్స్ట్ ముందు ‘ఎన్’ అన్న అక్షరం ఉంటుంది, తేదీలు కాస్ట్ అనే ఫంక్షన్ లోపల దాక్కుంటాయి, మధ్యమధ్య ‘గో’ అనే మాట వస్తూ ఉంటుంది. ఒరాకిల్ ఫైళ్ళలో తేదీల చుట్టూ టు డేట్ ఫంక్షన్ కనబడుతుంది, దాని లోపల మళ్ళీ కామాలు. పైగా ఒరాకిల్‌కు ఖాళీ టెక్స్టూ నల్లూ ఒకటే, మిగిలినవాటికి కాదు. ఇన్ని యాసలను ఒక్క ఎక్స్‌ప్రెషన్‌లో ఇరికించబోయేవారు తెలియకుండానే ఒక పార్సర్ (భాష నియమాల ప్రకారం టెక్స్ట్‌ను చదివే ప్రోగ్రాము) రాస్తున్నారు, అదీ బాగా రాయడం లేదు.

కోట్ల గొడవ తీరినా ఇంకో చిక్కు మిగులుతుంది: కొన్ని విలువలు స్టేట్‌మెంట్‌లో ఉండనే ఉండవు. మైఎస్‌క్యూఎల్ డేటాను ఫైల్‌గా రాసిచ్చే మైఎస్‌క్యూఎల్‌డంప్ మామూలుగా కాలమ్ పేర్లు రాయదు, కంప్లీట్ ఇన్సర్ట్ ఆప్షన్ ఇస్తేనే రాస్తుంది. అందుచేత ఏ విలువ ఏ కాలమ్‌దో ఫైల్ పైభాగంలో టేబుల్ నిర్మాణం చెప్పే క్రియేట్ టేబుల్ ఆదేశం చూసి తెలుసుకోవాలి, ఆ భాగాన్ని పంపినవారు కత్తిరించేస్తే ఊహించాలి. చేత్తో రాసిన స్క్రిప్టుల్లో ఒక స్టేట్‌మెంట్‌లో పేరు ముందు ఉండి ఫోన్ నంబర్ తరవాత ఉంటుంది, ఇంకో పది లైన్ల కింద వరుస తారుమారవుతుంది. ఒక చోట కాలమ్‌ను వదిలేస్తే అందులో డిఫాల్ట్ విలువ చేరుతుంది, లేదా డేటాబేస్ తానే పెంచుకుంటూ పోయే ఆటో ఇంక్రిమెంట్ నంబర్ చేరుతుంది. విలువ స్థానంలో ‘నౌ’ ఫంక్షన్ ఉంటే అది స్టేట్‌మెంట్‌ను నడిపినప్పటి సమయం అవుతుంది. ఇక ఇన్సర్ట్ తరవాత సెలెక్ట్ (టేబుల్ నుంచి వివరాలు తీసే ఆదేశం) ఉన్న స్టేట్‌మెంట్‌లో విలువలు అసలే ఉండవు, వేరే టేబుల్ నుంచి రావాలి. టెక్స్ట్‌ను ఎంత నేర్పుగా కోసినా లేనిదాన్ని బయటికి తీయలేం.

అందుకే నేను అనుసరించే దారి సూటిగా ఉంటుంది. ఫైల్ ఏ డేటాబేస్ నుంచి వచ్చిందో తెలుసుకుని, అదే డేటాబేస్‌ను, వీలైతే అదే వెర్షన్‌ను, సొంత యంత్రంలో తాత్కాలికంగా ఒక డాకర్ కంటైనర్‌లో (మిగతా యంత్రం నుంచి వేరుగా నడిచే పెట్టెలాంటిది) నిలబెట్టి, ఫైల్‌ను అందులో నడిపి, సెలెక్ట్‌తో సీఎస్‌వీ బయటికి తీసి, ఆ తరవాత కంటైనర్‌ను తీసేస్తాను. మైఎస్‌క్యూఎల్ ఫైల్‌ను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లోకి ఎక్కిద్దామన్న ఆశ చాలామందికి కలుగుతుంది, ఎస్‌క్యూలైట్ చిన్నది కాబట్టి. కానీ దానికి బ్యాక్‌స్లాష్ కోట్లు తెలియవు, పైన చూపిన లాంటి వరుస దగ్గర సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగిపోవడమే మేలు, తప్పు చదివి ముందుకు పోవడం కన్నా. కంటైనర్ అనడానికి ఇంకో కారణం ఉంది: ఇతరులు పంపిన ఎస్‌క్యూఎల్ ఫైల్ అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాము. మైఎస్‌క్యూఎల్‌డంప్ తయారుచేసే మామూలు ఫైల్ ప్రతి టేబుల్‌నూ సృష్టించే ముందు, అదే పేరుతో ఇంతకు ముందే ఒకటి ఉంటే దాన్ని తుడిచేస్తుంది. అలాంటిదాన్ని పనిచేస్తున్న డేటాబేస్‌లో నడిపితే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు.

బయటికి తీసేటప్పుడు కూడా కళ్ళు తెరుచుకుని ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశానికి సీఎస్‌వీ, హెడర్ అన్న ఆప్షన్లు ఇస్తే వచ్చేది నమ్మదగిన ఫైల్. మైఎస్‌క్యూఎల్‌లో అంత సులువు కాదు. అవుట్‌ఫైల్‌లోకి రాయించే ఆదేశం మనం వేరే చెప్పకపోతే లోపలి కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది, నల్ స్థానంలో బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తుంది, హెడర్ వరుస రాయదు. ఈ మూడూ స్ప్రెడ్‌షీట్‌కు పనికిరానివే. కమాండ్ లైన్‌లో బ్యాచ్ మోడ్ వాడితే ట్యాబ్‌లతో విడదీసిన వరుసలు వస్తాయి కానీ అక్కడ నల్‌ను నల్ అన్న మాటగానే రాస్తుంది, దానితో ఎవరైనా నిజంగానే ఆ మాటను టైప్ చేసి ఉంటే రెంటికీ తేడా తెలియదు. ఈ బాధ పడలేనివారు డీబీవర్ లాంటి క్లయింట్‌లో (డేటాబేస్‌ను తెరిచి చూపే ప్రోగ్రాములో) టేబుల్ తెరిచి సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

డేటాబేస్ నిలబెట్టే అవకాశమే లేని సందర్భాలు నిజంగానే ఉంటాయి. కంపెనీ యంత్రంలో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. లేదా చేతికి వచ్చింది లాగ్ ఫైల్ నుంచి ఏరిన కొన్ని స్టేట్‌మెంట్లు మాత్రమే, టేబుల్ నిర్మాణం లేదు. అప్పుడు కూడా నేను రీప్లేస్ వైపు వెళ్ళను. అక్షరం తరవాత అక్షరం చదువుతూ, ఇప్పుడు కోట్ లోపల ఉన్నామా బయట ఉన్నామా, బయట ఉంటే ఎన్ని బ్రాకెట్ల లోతులో ఉన్నామా అన్న రెండు సంగతులను మాత్రం గుర్తుపెట్టుకునే చిన్న స్కానర్ రాస్తే చాలు. కోట్ లోపల కనబడిన కామాకూ బ్రాకెట్‌కూ సెమీకోలన్‌కూ ప్రత్యేక అర్థం లేదు. బయట, మొదటి బ్రాకెట్ లోతులో కనబడిన కామా మాత్రమే విలువలను విడదీస్తుంది. అంతకన్నా లోతులో ఉన్నది ఏదో ఫంక్షన్‌కు చెందినది. మైఎస్‌క్యూఎల్ ఫైల్ అయితే, కోట్ లోపల బ్యాక్‌స్లాష్ వస్తే తరవాతి అక్షరాన్ని అలాగే తీసుకోవాలి, అది ఎన్ అయితే కొత్త లైనుగా మార్చాలి. కోట్ వెంట మరో కోట్ వస్తే ఒకటిగా లెక్కించాలి. కోట్లు లేకుండా వచ్చిన నల్‌ను, కోట్ల మధ్య వచ్చిన నల్ అన్న మాటను వేరువేరుగా గుర్తుంచుకోవాలి. పైథాన్‌లో ఇదంతా ఒక పేజీకి మించదు. రాసే పనిని మాత్రం భాషతో వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌కే వదిలేయాలి, చేత్తో కామాలు అతికించకూడదు. తెలియని రూపం ఎదురైతే ఊహించకుండా ఆ లైను నంబర్ చెప్పి ఆగిపోయేలా స్కానర్ రాయడం ఇందులో నేను పట్టుబట్టే ఒకే ఒక్క విషయం.

ఇంతవరకూ వచ్చేసరికి చేతిలో నిర్దుష్టమైన సీఎస్‌వీ ఉంటుంది. సగం పని అయినట్టే. రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, డేటా ఎక్కువగా పాడయ్యేది మాత్రం అక్కడే.

సీఎస్‌వీకి 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం ఒక రూపం ఇచ్చింది: కామా గానీ కోట్ గానీ లైను విరుపు గానీ ఉన్న గడిని డబుల్ కోట్ల మధ్య ఉంచాలి, లోపలి డబుల్ కోట్‌ను రెండుసార్లు రాయాలి. అయితే ఏ గడి సంఖ్యో, ఏది టెక్స్టో, ఏది తేదీయో చెప్పే ఏర్పాటు అందులో లేదు. నల్ అనేదే లేదు. ఇన్సర్ట్ స్టేట్‌మెంట్‌లో '0098' చుట్టూ ఉన్న కోట్లు అది టెక్స్ట్ అని స్పష్టంగా చెబుతున్నాయి. సీఎస్‌వీలోకి రాగానే ఆ సమాచారం పోతుంది. కోట్లు పెట్టినా ఎక్సెల్ వాటిని గడి హద్దులుగానే చూస్తుంది తప్ప రకంగా చూడదు. ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 0098 కాస్తా 98 అవుతుంది, 3-4 ఒక తేదీ అవుతుంది, 2ఈ10 లాంటి కోడ్ రెండువేల కోట్లవుతుంది. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది కనుక 16 అంకెల ఐడీలో చివరి అంకె సున్నాగా మారుతుంది. డేటాబేస్‌లో పెద్ద సంఖ్యలకు వాడే బిగ్ఇంట్ కాలమ్‌కు 19 అంకెల దాకా చోటుందని గుర్తుంటే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఆపైన ఎవరైనా అలవాటుగా సేవ్ నొక్కితే ఆ మార్పులు ఫైల్‌లోకే ఎక్కిపోయి, అసలు విలువలు తిరిగి రావు.

ఇది చాదస్తం కాదు. జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతున్నాయని విసిగి, మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే కమిటీ 2020లో వెలువరించిన మార్గదర్శకాలలో మార్చ్1 జన్యువును మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్1ను సెప్టిన్1గా మార్చినట్టు ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ అలవాటుకు తలవంచి శాస్త్రం తన పేర్లు మార్చుకుంది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ల్యాబ్‌ల నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైళ్ళను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ఎక్సెల్ పాత ఫైల్ రూపమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి ఎక్కించగా, ఆ రూపంలో ఒక షీటుకు 65,536 వరుసలకే చోటుండడంతో మిగిలినవి రాలిపోయి, 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరకుండా పోయాయి. ఇప్పటి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో 10,48,576 వరుసలు పడతాయి. పెద్ద డేటాబేస్ టేబుల్‌కు అది కూడా చాలదు.

అందువల్ల సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవవద్దని, ఎక్సెల్‌లోని డేటా ట్యాబ్ నుంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీగా దిగుమతి చేసుకుని కోడ్‌లూ ఐడీలూ ఫోన్ నంబర్లూ ఉన్న కాలమ్‌లను టెక్స్ట్ అని చెప్పమని నేను అందరికీ చెబుతాను. అక్కడ కూడా మనం ఏమీ అనకపోతే అది మొదటి 200 వరుసలు చూసి రకాన్ని తానే ఊహిస్తుంది, కాబట్టి ఆ ఊహను ఆపేయాలి. లిబ్రాఆఫీస్ ఈ విషయంలో మర్యాదస్తురాలు: సీఎస్‌వీ తెరవగానే కాలమ్‌ల రకం అడిగే కిటికీ చూపిస్తుంది. 2023 నుంచి ఎక్సెల్ సెట్టింగుల్లోనూ ఈ మార్పిడులలో కొన్నిటిని ఆపుకునే వీలు వచ్చింది. కానీ ఫైల్ తెరిచేవారు ఇవన్నీ పాటిస్తారని నమ్మలేం. చదివేవారు సాంకేతిక వ్యక్తులు కాకపోతే సీఎస్‌వీ ఇవ్వడమే మానేసి, ప్రోగ్రాముతో నేరుగా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తయారుచేసి, టెక్స్ట్‌ను టెక్స్ట్ గడిగానూ తేదీని తేదీ గడిగానూ రాయడం మేలని నా అభిప్రాయం. అప్పుడు రకం ఫైల్‌లోనే ఉంటుంది, ఊహకు తావు లేదు.

తెలుగు పేర్లున్న ఫైళ్ళకు మరో బెడద ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఫైల్ మొదట్లో ఆ ఎన్‌కోడింగ్‌ను తెలిపే బీఓఎమ్ అనే గుర్తు లేకపోతే డబుల్ క్లిక్‌తో తెరిచిన ఎక్సెల్ వాటిని వేరే ఎన్‌కోడింగ్‌గా చదివి గజిబిజి గీతలు చూపించే అవకాశం ఎక్కువ. పైథాన్‌లో రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అన్న ఎన్‌కోడింగ్ ఎంచుకుంటే ఆ గుర్తు దానంతటదే చేరుతుంది. భద్రత సంగతి కూడా ఒక మాట: సమానం, ప్లస్, మైనస్, ఎట్ గుర్తులతో మొదలయ్యే గడిని స్ప్రెడ్‌షీట్ ఫార్ములాగా నడపవచ్చు. వాడుకరులు టైప్ చేసిన వ్యాఖ్యలు ఉన్న టేబుల్‌ను షీటుగా మార్చి ఇస్తున్నప్పుడు ఈ ముప్పు నిజమైనదే. అక్కడా టెక్స్ట్ గడులే రక్ష, కాకపోతే రాసే లైబ్రరీ సమానం గుర్తును చూసి తానే ఫార్ములాగా మార్చకుండా ఆపాలి.

నల్ విషయంలో మాత్రం ఏ పనిముట్టూ మన బదులు నిర్ణయం తీసుకోలేదు. పై ఉదాహరణలో నాలుగో విలువ నల్, ఐదోది ఖాళీ టెక్స్ట్. మొదటిది ‘తెలియదు’ అని చెబుతోంది, రెండోది ‘లేదు’ అని చెబుతూ ఉండవచ్చు. పోస్ట్‌గ్రెస్ సీఎస్‌వీ రాసేటప్పుడు నల్‌ను కోట్లు లేని ఖాళీగానూ, ఖాళీ టెక్స్ట్‌ను రెండు కోట్లుగానూ జాగ్రత్తగా వేరుచేస్తుంది, కానీ ఎక్సెల్‌కు రెండూ ఖాళీ గడులే. నల్ బదులు సున్నా రాస్తే సగటు మారిపోతుంది: ఎస్‌క్యూఎల్‌లో సగటు నల్‌లను వదిలేస్తుంది, షీటులో సగటు ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను మాత్రం కలుపుకుంటుంది. నల్ అన్న మాటనే రాస్తే నిండిన గడులను లెక్కపెట్టే ఫార్ములా దాన్నీ లెక్కపెడుతుంది. సంఖ్యల కాలమ్‌లలో ఖాళీగా వదిలేయడం, తేడా ముఖ్యమైన టెక్స్ట్ కాలమ్ పక్కన ‘విలువ ఉందా’ అని మరో కాలమ్ చేర్చడం నాకు సబబుగా తోచిన పద్ధతి. ఎవరికి ఇస్తున్నామో వారిని అడిగి తేల్చుకోవడం ఇంకా సబబు.

మార్పిడి సరిగ్గా జరిగిందో లేదో కంటితో చూసి చెప్పలేం. ఫైల్‌లోని లైన్లు లెక్కపెట్టడం కూడా పరీక్ష కాదు, ఎందుకంటే ఒక వ్యాఖ్యలో లైను విరుపు ఉంటే ఒకే వరుస రెండు లైన్లవుతుంది. తాత్కాలిక డేటాబేస్ ఇక్కడ రెండోసారి అక్కరకు వస్తుంది: అందులో వరుసల సంఖ్య, ప్రతి కాలమ్‌లో నల్‌ల సంఖ్య, మొత్తాల కాలమ్ కూడిక, ఐడీలలో అతి పెద్దది అడిగి రాసుకుని, పూర్తయిన షీటులో అవే లెక్కలు వేసి పోల్చాలి. ఒక గడి పక్కకు జరిగిన వరుస ఉంటే కూడిక దగ్గరో నల్‌ల దగ్గరో తప్పక బయటపడుతుంది. రీప్లేస్ పద్ధతిలో పోల్చుకోవడానికి అసలంటూ ఏదీ ఉండదు, అన్నిటికన్నా దాని పెద్ద లోపం ఇదే.

ఇన్సర్ట్ స్టేట్‌మెంట్లు అతికిస్తే క్షణంలో సీఎస్‌వీ ఇచ్చే వెబ్‌సైట్లు ఉండగా ఇంత తతంగం దేనికని అడిగేవారున్నారు. కల్పిత డేటా అయితే వాడుకోండి, అభ్యంతరం లేదు. నిజమైన మనుషుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న టేబుల్‌ను ఎవరిదో తెలియని సర్వర్‌కు అప్పగించే హక్కు మాత్రం మార్పిడి చేస్తున్న మనకు లేదు, ఆ డేటా మనది కాదు కాబట్టి. ఇక ఫైల్ పంపినవారు ఇంకా అందుబాటులో ఉంటే, పైన చెప్పినవాటిలో ఏదీ మొదలుపెట్టకముందే వారికి ఒక సందేశం రాయడం మంచిది: ఇన్సర్ట్‌ల బదులు, కాలమ్ పేర్లతో, యూటీఎఫ్-8లో, సెలెక్ట్ ఫలితాన్నే సీఎస్‌వీగా తీసి పంపగలరా, దానితోపాటు టేబుల్ నిర్మాణమూ వరుసల సంఖ్యా చెప్పగలరా అని. డేటాబేస్ వారి దగ్గర నడుస్తూనే ఉంటుంది కనుక వారికి అది ఒక్క ఆదేశంతో అయ్యే పని.